అసలుకంటె కొసరు ముద్దు: సముద్రం మీది జూదశాలలు

ప్రభుత్వ యంత్రం నత్తనడక నడుస్తుందన్న అపవాదు 2025 ఆగస్టులో మూడు రోజులపాటు అబద్ధమైంది. ఆన్‌లైన్ ఆటల ప్రోత్సాహం, నియంత్రణలకు సంబంధించిన బిల్లును 20వ తేదీన లోక్‌సభలో ప్రవేశపెట్టి, ప్రతిపక్షాల నినాదాల హోరు మధ్య ఆనాడే ఆమోదింపజేశారు. 21న రాజ్యసభ సరేనన్నది. 22న రాష్ట్రపతి ఆమోదముద్ర పడింది. డబ్బు ఒడ్డి ఫోనులో ఆడే ఏ ఆటైనా, అది నేర్పు వల్ల గెలిచేదైనా అదృష్టం వల్ల గెలిచేదైనా, నిషిద్ధమని ఆ శాసనం తేల్చివేసింది. మధ్యతరగతి కుటుంబాలు ఈ వ్యసనంలో పడి నాశనమవుతున్నాయన్నది సమాచార సాంకేతిక శాఖ మంత్రి అశ్వినీ వైష్ణవ్ చెప్పిన కారణం. ఆ కారణంతో పేచీ పెట్టుకొనవలసిన పని ఎవరికీ లేదు.

దీనికి సుమారు పదకొండు నెలల ముందు, 2024 సెప్టెంబరు 30న, అదే మంత్రివర్గంలోని ఓడరేవుల శాఖ మంత్రి సర్బానంద సోనోవాల్ ముంబాయిలో ‘క్రూయిజ్ భారత్ మిషన్’ను ప్రారంభించారు. విహారనౌకల ప్రయాణికుల సంఖ్యను 2029 నాటికి రెట్టింపు చేయాలన్నది ఈ కార్యక్రమ లక్ష్యం. కొత్త రేవులు, కొత్త టెర్మినళ్ళు, పొరుగు దేశాలతో కలిపే కొత్త మార్గాలు ఇందులో ఉన్నాయి. ఉద్యోగాలు వస్తాయి, విదేశీమారకం వస్తుంది, తీరపట్టణాలు బాగుపడతాయి అన్న ఆశలు కూడా ఉన్నాయి. ఈ ఆశలలో అసత్యమేమీ లేదు. కాని విహారనౌకా వ్యాపారం గురించి ఏ కాస్త తెలిసినవారికైనా అందులో ఒక ముఖ్యవిషయం ప్రస్తావనకు రాకపోవడం కనబడక మానదు. నౌక కడుపులో ఉండే జూదశాల సంగతి అది.

ప్రపంచంలోని పెద్ద విహారనౌకా సంస్థల ఆదాయంలో దాదాపు మూడో వంతు టిక్కెట్ల మీద కాక, నౌక ఎక్కిన తరువాత ప్రయాణికుడు పెట్టే ఖర్చు మీద వస్తుంది. మద్యం, విందులు, తీరయాత్రలు, అంగళ్ళు, కాసినో, అన్నీ అందులోవే. వీటిలో కాసినోకు ఒక విశేషం ఉన్నది. మద్యం అమ్మాలంటే మద్యం కొనాలి. విందు పెట్టాలంటే వంట చేయాలి. జూదశాలకు ముడిసరుకు అక్కరలేదు. అందువల్లనే తన వద్ద నిలకడగా జూదమాడేవానిని ఉచితంగా నౌక ఎక్కించుకొని, అన్నం పెట్టి, ఊరేగించి, మళ్ళీ రేవులో దింపినా సంస్థకు గిట్టుబాటవుతుంది. అమెరికాలో ఇది ఇప్పుడు బహిరంగ వ్యాపారం. రాయల్ కరీబియన్ వారి ‘క్లబ్ రాయల్’, కార్నివాల్ వారి ‘ప్లేయర్స్ క్లబ్’, నార్వీజియన్ వారి ‘కాసినోస్ ఎట్ సీ’ – ఇవన్నీ జూదరికి పాయింట్లు లెక్కవేసి ఉచిత యాత్రలు బహూకరించే పథకాలే. ఆ యాత్రలు ఎలా ‘సంపాదించాలో’ ఒకరికొకరు చెప్పుకొనే ప్రయాణికుల బృందమే ఒకటి తయారైంది. గాల్వెస్టన్ రేవుకు దగ్గరలో ఉన్న హ్యూస్టన్ నగరంలోని మన తెలుగువారికి కూడా ఈ మాటలు కొత్త కావు.

ఈ సంపాదన ఎటువంటిదో లెక్కవేసి చూడడం అవసరం. క్లబ్ రాయల్ వారు ఇటీవలి సంవత్సరాలలో అమలుచేసిన నిబంధనల ప్రకారం స్లాట్ యంత్రంలో ప్రతి 5 డాలర్ల పందేనికి ఒక పాయింటు. సంవత్సరంలో 2,500 పాయింట్లు కూడబెట్టినవానికి ‘ప్రైమ్’ హోదా, దానితోపాటు ఏడాదికొక ఉచిత యాత్ర – కిటికీ లేని లోపలి గదిలో. 25,000 పాయింట్లకు ‘సిగ్నేచర్’, లక్ష పాయింట్లకు ‘మాస్టర్స్’. మెట్టు ఎక్కినకొద్దీ గది విశాలమవుతుంది. గదికి తాళంగా పనిచేసే కార్డునే యంత్రానికి ఇవ్వాలి. అది ప్రతి పందేన్నీ నమోదు చేసుకుంటుంది. జేబులో నోట్ల కట్ట తరిగిపోతున్నప్పుడు మనిషికి భయం వేస్తుంది. కార్డుకు బరువు లేదు కనుక భయమూ లేదు. బాకీ అంతా యాత్ర చివర గది లెక్కలో తేలుతుంది.

2,500 పాయింట్లంటే 12,500 డాలర్ల పందేలు. ఇందులో ఒక సూక్ష్మం ఉన్నది. 12,500 డాలర్లు పోయినట్లు కాదు. వంద డాలర్లే యంత్రం లోపలికీ బయటికీ పదేపదే తిరుగుతూ ఉంటాయి. తిరిగిన ప్రతిసారీ కొంత లోపలనే ఉండిపోతుంది. నూటికి ఎనిమిది చొప్పున ఉండిపోతుందనుకుంటే వెయ్యి డాలర్లు, పది చొప్పుననుకుంటే 1,250 డాలర్లు సంస్థకు మిగులుతాయి. డాలరును 85 రూపాయలుగా వేసుకుంటే 85 వేల నుంచి లక్షా ఆరువేల దాకా. కిటికీ లేని గదికి ఇద్దరు మనుషులకు మామూలు రోజులలో తీసుకునే ధర తరచు ఇంతకు అటూ ఇటూగానే ఉంటుంది. రేవు పన్నులు, సిబ్బందికి ఇచ్చే బక్షీసులు ఉచితంలో చేరవు. ఇక లక్ష పాయింట్ల మహారాజు సంగతి చూడండి. ఆయన తిప్పవలసినది 5 లక్షల డాలర్లు. నూటికి ఎనిమిది లెక్కనే ఆయన వదిలివచ్చేది 40 వేల డాలర్లు; మన డబ్బులో 34 లక్షలు. ఆ సొమ్ముతో ఎటువంటి గదిని ఎన్నిసార్లు కొనుక్కోవచ్చునో ఆయన లెక్కవేసుకోడు. లెక్కవేసుకునే స్వభావమే ఉంటే అంతదాకా రాడు.

బల్లల మీది ఆటలకు కొలత వేరు. సగటు పందెం, గంటకు ఎన్ని ఆటలు, మొత్తం ఎన్ని గంటలు, ఆ ఆటలో నిర్వాహకునికి మిగిలే శాతం – ఈ నాలుగింటినీ గుణిస్తే జూదరి నష్టపోవలసిన మొత్తం వస్తుంది. అమెరికా తరహా రౌలెట్ చక్రంలో 38 గళ్ళు ఉంటాయి. గెలుపు మాత్రం 36 గళ్ళే ఉన్నట్లు లెక్కగట్టి ఇస్తారు. అంటే నూటికి 5.26 నిర్వాహకునివి. గంటకు నలభై పందేల చొప్పున, పందేనికి 20 డాలర్లతో నాలుగు గంటలు కూర్చున్నవాడు 3,200 డాలర్లు ఒడ్డుతాడు. 168 డాలర్లు అక్కడ సమర్పించడం లెక్క ప్రకారం జరగవలసిన పని. ఒకరోజు గెలవవచ్చు, మరొకరోజు ఎక్కువ పోవచ్చు. సంస్థకు ఆ రోజులతో పని లేదు. అది లెక్క ప్రకారం రావలసిన నష్టంలో ఒక భాగాన్ని యాత్రగా, భోజనంగా, పానీయంగా వాపసు ఇస్తుంది. మన కూరగాయల సంతలో తూకం ముగిశాక గుప్పెడు కొసరు వేసే పద్ధతి ఇది. అసలుకంటె కొసరు ముద్దన్న సామెత తెలుగువారిదే కాని, దానిని శాస్త్రంగా అభివృద్ధి చేసినవారు అమెరికన్లు.

ఆ అభివృద్ధికి కూడా చరిత్ర ఉన్నది. 1981లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ ప్రయాణించిన మైళ్ళను బట్టి ఉచిత టిక్కెట్లిచ్చే పథకం పెట్టింది. 1997లో హారాస్ సంస్థ తన జూదశాలలన్నిటికీ కలిపి ఒకే కార్డు ప్రవేశపెట్టింది. మరుసటి సంవత్సరం హార్వర్డ్ ఆచార్యుడు గ్యారీ లవ్‌మన్‌ను రప్పించి, ఎవరు ఏ వేళకు ఎంత ఆడుతున్నారో, ఎంత పోయినాక లేచిపోతున్నారో లెక్కలు తీసి దానికి అనుగుణంగా కానుకలు పంపే విద్యను సాధన చేసింది. అంతకు పూర్వం లాస్ వేగాస్‌లో కానుకలు పెద్ద ధనికులకే. కార్డు వచ్చిన తరువాత విశ్రాంత ఉద్యోగి, ఇల్లాలు, చిన్న వర్తకుడు కూడా కానుకకు అర్హులయ్యారు. విహారనౌకలకు ఈ విద్య మరింత చక్కగా అమరింది. నౌక నిండినా నిండకపోయినా ఇంధనం మండవలసినదే, సిబ్బందికి జీతాలు ఇవ్వవలసినదే. ఖాళీగా పోయే గదిలో జూదరిని కూర్చోబెట్టడానికి అదనంగా అయ్యేది భోజనం ఖర్చు. ఆ గది ప్రయాణికుడు సముద్రం మధ్య మరొక జూదశాలకు లేచిపోలేడు కూడా.

మహాభారతం చదివినవారికి ఈ సందర్భంలో ఒక సంగతి గుర్తుకు వస్తుంది. ధర్మరాజును జూదానికి రమ్మని ఎవరూ ఊరక పిలవలేదు. కొత్త సభ కట్టించి, చూచి వినోదించి పొమ్మని విదురుని చేత ఆహ్వానం పంపారు; బంధుమర్యాదలు జరిపించారు. ఓడిన సొత్తు తిరిగి ఇచ్చి పంపిన తరువాత మార్గమధ్యంలోనే మళ్ళీ పిలిచారు. ఆ రెండవ పిలుపును మనవారు అనుద్యూతమన్నారు. నేటి సంస్థల పరిభాషలో అది లాయల్టీ ప్రోగ్రామ్. ఉచిత యాత్ర కూడా జూదశాల ఉన్న నౌక మీదనే. దానికి గడువు ఉంటుంది. పాయింట్లు ఏడాదికొకసారి సున్నకు వస్తాయి. మరుసటి ఏడాది హోదా నిలుపుకోవాలంటే ఉచితంగా ఎక్కిన ఆ నౌకలోనే మళ్ళీ కూర్చోవాలి.

ఈ పథకాలను కేవలం మోసమనడం న్యాయం కాదు. నిబంధనలు అచ్చువేసే ఉంటాయి. వినోదానికి ఇంత అని మనసులో గీత గీసుకొని, ఆ గీత దాటకుండా ఆడి, ఏడాదికొక యాత్ర చేసివచ్చే దంపతులు ఉన్నారు. ఎలాగూ ఆడేవాడు కార్డు పెట్టి ఆడితే అతనికి కొంత లాభమే. వీడియో పోకర్ వంటి ఆటలో నిర్వాహకుని శాతం తక్కువ కనుక దానిమీద పాయింట్లు కూడబెట్టవచ్చునని లెక్కలు వేసిన గడుసువారూ ఉన్నారు. సంస్థ వారికంటె గడుసుది. వీడియో పోకర్‌లో పాయింటుకు 5 డాలర్లు కాక 10 డాలర్ల పందెం ఉండాలని నియమం పెట్టింది. ప్రమాదం లెక్క తెలిసినవారికి కాదు. యాత్ర కోసం ఆడుతున్నానని తనను తాను నమ్మించుకునేవానికి. జూదరికి ఓటమి ఒక్కటే ఆగమని చెప్పే హెచ్చరిక. ఆ ఓటమికే పాయింట్లు వస్తుంటే హెచ్చరిక కాస్తా బహుమతిగా మారిపోతుంది.

జూదం నీళ్ళమీదికి ఎందుకు వెళ్ళిందో తెలుసుకుంటేనే మన దేశపు సమస్య అర్థమవుతుంది. 1930లలో కాలిఫోర్నియా తీరాన ప్రాదేశిక జలాల అంచుకు ఆవల నౌకలు లంగరు వేసి, పడవలలో జూదరులను చేరవేసేవారు. 1939లో ఆ రాష్ట్ర అటార్నీ జనరల్ ఎర్ల్ వారెన్ – తరువాత అమెరికా ప్రధాన న్యాయమూర్తి అయిన వారెనే – టోనీ కొర్నెరో అనే వ్యాపారి నౌక ‘రెక్స్’ మీదికి పోలీసు పడవలను పంపాడు. తీరరేఖను ఎక్కడినుంచి కొలవాలన్న వాదం కోర్టుల దాకా వెళ్ళింది. 1940ల చివర అమెరికా కాంగ్రెసు జూదపు నౌకలను అరికడుతూ శాసనం చేసింది. నేటి విహారనౌకలు బహామాస్, పనామా, మాల్టా వంటి దేశాల జెండాలు ఎగురవేసి, విదేశీ రేవులను తాకి వస్తూ, ఆ చిక్కు నుంచి తప్పుకున్నాయి. రేవులో ఉన్నంతసేపు కాసినో తలుపు మూసి ఉంటుంది. తీరానికి దూరం కాగానే తెరుచుకుంటుంది. నెవాడాలో జూదశాలల రాబడి ఎంతో, యంత్రాలలో ఎంత శాతం మిగిలిందో ప్రభుత్వ మండలి నెలనెలా ప్రకటిస్తుంది. నడిసముద్రంలోని నౌకకు అటువంటి మండలి లేదు.

ఆసియాలో ఈ వ్యాపారాన్ని నడిపినవారు జూదశాల నుంచే నౌకలోకి వచ్చారు. మలేసియా కొండమీద కాసినో కట్టిన గెంటింగ్ వారు 1993లో స్టార్ క్రూయిజెస్ పెట్టారు. వారి నౌక ఒకటి 2000ల మధ్యకాలంలో ముంబాయి నుంచి కూడా నడిచింది. కరోనా దెబ్బకు గెంటింగ్ హాంకాంగ్ సంస్థ 2022 జనవరిలో దివాలా తీసింది. సంస్థలు మూతబడినప్పుడు పాయింట్లు కూడబెట్టుకున్నవాడు బాకీదారుల వరుసలో ఎక్కడ నిలబడతాడన్న ప్రశ్న ఆనాడు ఉచిత యాత్రల మోజులో ఉన్నవారికి తట్టి ఉండదు.

ఇక మన ఇంటి సంగతి. రాజ్యాంగం ఏడవ షెడ్యూలులో పందేలు, జూదం రాష్ట్రాల జాబితాలో 34వ పద్దు. 1957లో సుప్రీంకోర్టు చమర్‌బాగ్‌వాలా కేసులో జూదం వ్యాపారమే కాదనీ, వ్యాపార స్వాతంత్ర్యపు రక్షణ దానికి లేదనీ చెప్పింది. 1967లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికీ సత్యనారాయణకూ మధ్య నడిచిన కేసులో, సికింద్రాబాదు క్లబ్బు ఒకదానిలో ఆడిన రమ్మీ ప్రధానంగా నేర్పు మీద ఆధారపడిన ఆట అని తీర్పు వచ్చింది. దరిమిలా దేశమంతటా ఉదహరించబడిన తీర్పు అది. కాసినోల విషయంలో గోవా వేరే దారి తొక్కింది. 1976 నాటి జూద నిషేధ శాసనాన్ని 1992లో సవరించి పెద్ద హోటళ్ళలో యంత్రాలకూ, 1996లో సవరించి నీళ్ళమీది నౌకలలో బల్లల ఆటలకూ అనుమతి ఇచ్చింది. ‘ఆఫ్‌షోర్’ అన్నది శాసనంలోని మాట. ఆ నౌకలు ఆరూ పణజి నగరం ఎదుట మాండవీ నదిలో, ఒడ్డున నిలబడినవానికి దీపాలు స్పష్టంగా కనిపించేంత దూరంలో తేలుతున్నాయి. వాటిని నదిలో నుంచి తరలిస్తామని వాగ్దానం చేయని ప్రభుత్వం లేదు. ప్రవేశరుసుములోనే కొన్ని చిప్పలు, విందు, పానీయాలు కలిపి ఇచ్చే పద్ధతి అక్కడా ఉన్నది. కొసరు విద్య మనకూ వచ్చు.

2020 ఫిబ్రవరి 1 నుంచి గోవా వాసులు ఆ కాసినోలలో ఆడరాదని ప్రమోద్ సావంత్ ప్రభుత్వం నిషేధించింది. ఇది ఒక్క గోవా నీతి కాదు. నేపాలులో 1968లో కాసినో వచ్చిన నాటినుంచి అది విదేశీయుల కోసమే. ఆ విదేశీయులలో ఎక్కువమంది మనవారు. సింగపూరులో పౌరుడు కాసినోలో అడుగు పెట్టాలంటే 2019 నుంచి రోజుకు 150 సింగపూరు డాలర్లు చెల్లించాలి. విదేశీయునికి రుసుము లేదు. శ్రీలంక కూడా తన పౌరులకు మాత్రం డాలర్లలో ప్రవేశరుసుము విధించింది. 2025 ఆగస్టులో కొలంబోలో వందకోట్ల డాలర్లకు పైగా వెచ్చించి కట్టిన ‘సిటీ ఆఫ్ డ్రీమ్స్’ తెరిచినప్పుడు వారి ఆశ పెట్టుకున్న పొరుగుదేశం ఏదో చెప్పనక్కరలేదు. తన ప్రజలకు విషమని తెలిసినదానిని పొరుగువారికి పర్యాటకమని పేరుపెట్టి వడ్డించడంలో దక్షిణాసియా దేశాలకు, మన రాష్ట్రాలకు ఉన్నంత ఏకాభిప్రాయం సార్క్ సభలలో ఏనాడూ కనిపించలేదు.

ఈ వడ్డన తెలుగు జిల్లాలకు దూరం కాదు. నేపాల్ కాసినోలకు ఇక్కడినుంచి జూదరులను ప్రత్యేకంగా తీసుకుపోతున్న ఏర్పాట్లపై, ఆ సందర్భంలో జరిగిందన్న విదేశీమారక ఉల్లంఘనపై 2022 జూలైలో ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ హైదరాబాదులో సోదాలు జరిపింది. విమానం, హోటలు, విందు, వినోదం – అన్నీ ప్యాకేజీ అన్న ఒక్క మాటలో ఇమిడిపోతాయి. విదేశీమారక నిర్వహణ శాసనం క్రింద 2000లో చేసిన నిబంధనలు లాటరీ టిక్కెట్లు, ఫుట్‌బాల్ పూల్స్, స్వీప్‌స్టేక్స్ కోసం సొమ్ము బయటికి పంపడాన్ని నిషేధించాయి. ఆ పదాలు మరొక యుగానివి. గది లెక్కలో చేరిపోయే కాసినో బాకీని గురించి అవి రాసినవారు ఊహించలేదు.

విశాఖపట్నం సంగతికి వద్దాము. 2022 జూన్‌లో ‘కోర్డేలియా’ అనే విహారనౌక చెన్నై నుంచి విశాఖకు, పుదుచ్చేరికి యాత్ర తలపెట్టింది. 1990లో అమెరికా మార్కెట్టు కోసం కట్టి, రాయల్ కరీబియన్ వారు చాలాకాలం నడిపిన పాత నౌక అది. కాసినో దానితోపాటే వచ్చింది. చెన్నైలో ముఖ్యమంత్రి స్టాలిన్ పచ్చజెండా ఊపారు. విశాఖలో స్వాగతం పలికారు. పుదుచ్చేరిలో మాత్రం జూదం మాటెత్తి రాజకీయపక్షాలు ఆందోళన చేయగా, నౌక లంగరు వేయడానికి ప్రభుత్వం అనుమతించలేదు. అప్పటి లెఫ్టినెంట్ గవర్నరు తమిళిసై సౌందరరాజన్. ఆమె ఆనాడు తెలంగాణ గవర్నరు కూడా. మూడేళ్ళ తరువాత, 2025 జూలైలో, అదే నౌక ప్రయాణికులను పుదుచ్చేరి తీరంలో దిగనిచ్చారు. ఒక్కటే నౌక, ఒక్కటే తీరం. ఈ మూడేళ్ళలో మారిన శాసనమేదో వెదికినా దొరకదు. ఈలోగా 2023 సెప్టెంబరు 4న విశాఖ రేవులో సుమారు 96 కోట్ల రూపాయలతో కట్టిన అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్‌కు ప్రారంభోత్సవమైంది.

ఇక్కడ ఒక శాసనపు వింత ఉన్నది. ఆంధ్రప్రదేశ్‌లో 1974 నాటి గేమింగ్ చట్టం అమలులో ఉన్నది. 2020లో దానిని సవరించి ఆన్‌లైన్ రమ్మీని సైతం నిషేధించారు. తెలంగాణ 2017లోనే ఆ పని చేసింది. కాని రాష్ట్ర శాసనం సముద్రంలోకి ఎంతదూరం చెల్లుతుంది? 1976లో పార్లమెంటు చేసిన శాసనం ప్రకారం మన ప్రాదేశిక జలాలు తీరం నుంచి 12 నాటికల్ మైళ్ళు. ఆ గీతకు ఆవల రాష్ట్రపు జూద నిషేధం చెల్లుతుందని గట్టిగా వాదించగలవారు అరుదు. కేంద్రానికి నౌకలమీది జూదం గురించి ప్రత్యేక శాసనమే లేదు. 1867 నాటి బ్రిటిష్ జూద చట్టం కొన్ని ప్రాంతాలకే పరిమితం. అయితే వస్తుసేవల పన్ను చట్టంలో ‘భారతదేశం’ అన్న మాటకు ఇచ్చిన నిర్వచనం చదివితే ఆశ్చర్యం కలుగుతుంది. ప్రాదేశిక జలాలతోపాటు 200 మైళ్ళ ప్రత్యేక ఆర్థిక మండలం కూడా అందులో చేరి ఉన్నది. 2023 అక్టోబరు 1 నుంచి కాసినోలో పెట్టే పూర్తి సొమ్ము మీద నూటికి 28, 2025 సెప్టెంబరు 22 నుంచి నూటికి 40 పన్ను. అంటే పన్ను పుచ్చుకునే చేయి 200 మైళ్ళు సాగుతుంది. వద్దని వారించే చేయి 12 మైళ్ళకే అలసిపోతుంది.

ఫోనులో ఆటను నిషేధించి నౌకలో ఆటకు రేవు కట్టిన ఈ వైరుధ్యాన్ని సమర్థించేవారు లేకపోలేదు. ఫోను ప్రతి పేదవాని చేతిలో ఉన్నది, నౌక ఎక్కేవాడు కలిగినవాడు, అతని సొమ్ము అతని ఇష్టం అన్నది వారి వాదన. కొంతవరకు ఇది నిజం. కాని ఉచిత యాత్రల పథకం పుట్టినదే ఆ నిజాన్ని తారుమారు చేయడానికి. టిక్కెట్టు కొనగలిగినవాడే నౌక ఎక్కుతాడన్న అడ్డు ఒకటి ఉన్నది. టిక్కెట్టు ఊరకే ఇచ్చినప్పుడు ఆ అడ్డు తొలగిపోతుంది. అమెరికాలో ఈ కానుకలు అందుకునేవారు కోటీశ్వరులు కారు. ఇంటి అప్పు తీరుస్తూ, పింఛను లెక్క చూసుకుంటూ బతికేవారు. మన రేవులలో నౌకలు పెరిగి, వాటిమధ్య పోటీ వచ్చిననాడు, గదులు ఖాళీగా మిగిలిననాడు, వాటిని నింపే ఉపాయం యజమానులకు ఎవరూ కొత్తగా నేర్పనక్కరలేదు.

జస్టిస్ బి.ఎస్. చౌహాన్ అధ్యక్షతన లా కమిషన్ 2018 జూలైలో సమర్పించిన 276వ నివేదికలో ఈ దిశగా కొంత ఆలోచన ఉన్నది. జూదాన్ని పూర్తిగా నిషేధించడం సాధ్యం కాని పక్షంలో గట్టి నియంత్రణ ఉండాలనీ, ఆడేవారి ఆదాయాన్ని బట్టి పరిమితులు పెట్టాలనీ, ఆధార్, పాన్ సంఖ్యలతో ముడిపెట్టి నగదు లేకుండా జరపాలనీ అది సూచించింది. నివేదిక వచ్చిన మరుక్షణమే కమిషన్ జూదాన్ని చట్టబద్ధం చేయమన్నదని దుమారం రేగింది. కమిషన్ సంజాయిషీ ఇచ్చుకోవలసి వచ్చింది. తరువాత దానిని కదిపినవారు లేరు. నిషేధమో నియంత్రణో తేల్చుకోకుండా వదిలిపెట్టిన ఖాళీలోనే గోవా నది నిండింది.

విహారనౌకలు వద్దని చెప్పడం ఈ రచయిత ఉద్దేశం కాదు. విశాఖకు వెయ్యిమంది యాత్రికులు దిగితే ఆటోవానికి, అరకు కాఫీ అమ్మేవానికి, ఏటికొప్పాక బొమ్మలు చేసేవానికి నాలుగు డబ్బులు వస్తాయి. ప్రభుత్వ సొమ్ముతో కట్టిన రేవులో చోటు ఇచ్చేటప్పుడు మాత్రం కొన్ని షరతులు అడగడం తప్పు కాదు. యంత్రం నూటికి ఎంత మింగుతుందో దానిమీదనే రాసి ఉంచమనవచ్చు. గది లెక్కమీద అప్పు ఇవ్వరాదనవచ్చు. నన్ను లోపలికి రానివ్వకండని స్వయంగా కోరినవానిని, లేదా కుటుంబం కోరినవానిని ఆపే ఏర్పాటు సింగపూరులో ఉన్నది, ఇక్కడా పెట్టమనవచ్చు. పాయింట్లకు ఉచిత యాత్ర ఇచ్చే సంస్థ, ఆ యాత్ర సంపాదించడానికి సగటున ఎంత సొమ్ము పోగొట్టుకోవలసి ఉంటుందో ఆ కాగితం మీదనే అచ్చువేయాలనవచ్చు. వీటిలో దేనికీ రాజ్యాంగ సవరణ అక్కరలేదు; రేవు ఒప్పందంలో నాలుగు వాక్యాలు చాలు.

పార్లమెంటు సభ్యుడెవరైనా ఈ విషయమై ప్రశ్న వేయదలచుకుంటే దానిని ఏ శాఖకు పంపాలన్నది మొదటి చిక్కు. పరివహన్ భవన్‌లోని ఓడరేవుల శాఖ జూదం రాష్ట్రాల విషయమని చెప్పవచ్చు. రాష్ట్రం 12 మైళ్ళ ఆవల తన ప్రమేయం లేదనవచ్చు. సమాచార సాంకేతిక శాఖ శాసనం ఫోనులో ఆడే ఆటకు గాని బల్లమీద ఆడే ఆటకు కాదు. ఆర్థికశాఖ ఒక్కటే ఈ సముద్రం తనదేనని ఒప్పుకొనే స్థితిలో ఉన్నది. దాని దగ్గర ఉన్నది రేటు, నూటికి నలభై.